తునిలో మృచ్ఛకటిక పఠనము

గోదావరి జిల్లాల యీశాన్యపుటంచున, తాండవనది యొడ్డున నున్న పట్టణము తుని. ఏటికి ఈవల తుని, ఆవల పాయకరావుపేట. చిరకాలము ఈవలి యొడ్డు తూర్పుగోదావరికిని, ఆవలి యొడ్డు విశాఖపట్టణమునకును చేరియుండెడివి. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలను క్రొత్తగా విభజించినపిదప తుని కాకినాడ జిల్లాలోనిదియు, పేట అనకాపల్లి జిల్లాలోనిదియు నైనవి. జిల్లాలు రెండైనను జనుల రాకపోకలకు హద్దు లేదు. సాయంకాలము వంతెనమీద నడచిపోవువారిలో ఏ యమ్మ ఏ జిల్లా యిల్లాలో చెప్పుట కష్టము. తూర్పుకనుమలలో పుట్టిన తాండవ ఈ రెండూళ్ల నొరసికొని పోయి పెంటకోటకడ సముద్రమును గలియును. వేసవిలో ఏటిలో నీటికంటె నిసుకయే యెక్కువ.

రాజమహేంద్రవరమునుండి తునికి రైలున వచ్చువారు కిటికీప్రక్క కూర్చుండవలెను. సామర్లకోట వఱకు వరిచేలు, కొబ్బరిచెట్లు, కాలువలు. పిఠాపురము, గొల్లప్రోలు దాటినకొలది కాలువలు వెనుకబడి, నేల యెఱ్ఱబాఱి, తాటిచెట్లును తోటలును కానవచ్చును. అన్నవరముకడ రత్నగిరిమీది సత్యనారాయణస్వామి కోవెల కనబడగానే బండిలోని స్త్రీలందఱును చేతులు జోడింతురు. హంసవరము దాటినంతనే తుని. అంతవఱకు దూరముగా నున్న కొండలు ఇచట ఊరి దగ్గఱకు వచ్చి నిలుచును. కాలువల సీమ ముగిసి మెట్టసీమ యైనదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

మా వారు ఉపాధ్యాయులు. కావున మా యాత్రలన్నియు వేసవిసెలవులలోనే సాగవలెను. మా పెద్దాడుబిడ్డగారి కాపురము తునిలో. మేము పోవునప్పటికి మామిడికాయల దినములు. తుని మామిడికి పేరుబడ్డ చోటు. చుట్టుపట్ల తోటలనుండి సువర్ణరేఖలు, బంగినపల్లులు బండ్లకొలది దిగుచుండెను. ఏ వీథికి పోయినను గడ్డిలో మాగవేసిన పండ్ల వాసన. వదినగారి యింట ఆవకాయ సంరంభము. కొట్టించి తెచ్చిన ముక్కలకు జీడి తీసి, పొర గీచి, తడి లేకుండ గుడ్డతో తుడుచుటకు ఇరుగుపొరుగు ఆడువారు నలుగురైదుగురు మధ్యాహ్నము వసారాలో చేరెడివారు. చేతులకు పని యున్నను చెవులకు లేదు.

"ఊరికే కబుర్లెందుకు, ఏదైనా చదివి వినిపించు, అమ్మాయీ" అనిరి వదినగారు. భారతము తీయబోగా, "భారతం ఎప్పుడూ ఉన్నదే. మనలాంటి సంసారుల కథ ఏదైనా ఉంటే చూడు" అనిరి.

మా నాయనగారు వీథియరుగుమీద శిష్యులకు పాఠము చెప్పుచుండ, గడపలోపల కూర్చుండి చిన్ననాట మేము విన్న నాటకములలో మృచ్ఛకటికము ఒకటి. రాజులును, ఋషికన్యలును, అప్సరసలును తిరుగాడు సంస్కృతనాటకములలో దీని దారి వేఱు. ఇందలి పాత్రలు వ్యాపారము చేసి చెడిన బ్రాహ్మణుడు, వేశ్య, జూదరి, దొంగ, బండి తోలువాడు, తలవరులు, తలారులు. సంసారుల కథ యన్న ఇదియే యని యెంచి, శ్లోకము చదివి తెలుగున తాత్పర్యము చెప్పుచు, దినమున కొక యంకము చొప్పున పది యంకములును పదినాళ్లు నడపితిమి.

ఈ నాటకమును వ్రాసినవాడు శూద్రకుడను రాజని ప్రస్తావన చెప్పుచున్నది. ఆ రాజు నూఱేండ్ల పదిదినములు బ్రదికి అగ్నిప్రవేశము చేసెనని కూడ అదే ప్రస్తావన చెప్పుటచే, ఆ మాట ఆతడే వ్రాసికొన్నది కాదని పండితులు నవ్వుకొందురు. తెలుగున తిరుపతి వేంకటకవులు దీని ననువదించిరి. ఆర్థరు రైడరు 1905లో ఇంగ్లీషున వెలువరించిన యనువాదము 1924లో న్యూయార్కు రంగస్థలము నెక్కెను. 1967లో బి.ఎస్. రంగా 'వసంతసేన' యను తెలుగుచిత్రమును, 1984లో గిరీశ్ కర్నాడు 'ఉత్సవ్' అను హిందీచిత్రమును ఈ కథతో తీసిరి. లోకమునకు ఇది చారుదత్త వసంతసేనల ప్రణయకథ. దాని వెనుక ఉజ్జయినిలో ఒక విప్లవము రగులుచుండును: పాలకుడను దుష్టరాజును కూల్చి ఆర్యకుడను గొల్లపిల్లవాడు సింహాసన మెక్కును. ఆ ప్రణయమునకును ఈ విప్లవమునకును నడుమ ఒక జూదరి తిరుగుచుండును. తునిలో మా మనసు ఆ జూదరిమీదనే నిలిచినది.

ఆతని పేరు సంవాహకుడు. పాటలీపుత్రములోని గృహస్థుని కొడుకు. ఒడలు పట్టు విద్యను కళగా నేర్చెను. ఉజ్జయినికి వచ్చినపిదప అదియే కూటి విద్య యైనది. చారుదత్తుని కొలిచెను. దానములు చేసి చేసి చారుదత్తుడు పేదవడగా కొలువు పోయి, జూదమునకు మరగెను. ఒకనాడు పది సువర్ణములు ఓడి, ఈయలేక పరుగెత్తెను. జూదపుసాల యజమాని మాథురుడును, గెలిచిన జూదరియు వెంబడించిరి. సంవాహకుడు వెనుకకు వెనుకకు నడచుచు విగ్రహము లేని పాడుగుడిలో దూఱి, తానే విగ్రహమువలె నిలిచెను. తఱుమువారు జాడ చూడగా అడుగులన్నియు గుడినుండి బయటికి వచ్చినట్లున్నవి. వారు అనుమానించి లోపలికి పోయి, విగ్రహము కొయ్యదో రాతిదో యని ఊపి చూచిరి. విగ్రహము కదలలేదు. అంతట వా రచటనే కూర్చుండి పాచికలు వేయ మొదలిడిరి. కొట్టినను కదలని విగ్రహము ఆ గలగలకు తాళలేకపోయినది. తరువాతి వంతు నాదియే యనుచు దిగివచ్చి పట్టువడెను.

వసారాలో అందఱును ఫక్కున నవ్విరి. ఒక్కతె నవ్వలేదు. ఆమె పెరటివాటాలో అద్దెకున్నవారి కోడలు. ఇరువదియైదేండ్లు మించని పిల్ల. ముక్క తుడుచుచున్న చేయి ఆపి, "ఆ చప్పుడు ఆయనకి నిద్దట్లోకూడా వినిపించి ఉంటుందండీ" అనెను. అపుడు మాకు ఆ మాట లోతు తెలియలేదు.

తరువాతి ముచ్చట విని మఱల నవ్వులు చెలరేగెను. పట్టువడిన సంవాహకుడు జూదరితో, సగము ఇత్తును, సగము విడిచిపెట్టు మనును. అతడు సరే యనును. మాథురునితోను అట్లే సగము విడిపించుకొనును. పిమ్మట, ఆ సగము మీరు విడిచితిరి, ఈ సగము వారు విడిచిరి, ఇక బాకీ లేదు గదా యని దారిపట్టును! తెలుగున తునితగవు అను మాట కలదు. పేచీని నడిమికి త్రుంచి చేసిన రాజీ. "మా ఊరి తగవే పట్టుకుపోయాడన్నమాట ఉజ్జయినికి" అని వదినగారు పొంగిపోయిరి. తునియుట యనగా ముక్కలగుట గనుక ఆ జాతీయము ఊరిపేరునుండి వచ్చినను, ఆ క్రియనుండి వచ్చినను, అర్థము చెడదు. అప్పుల వ్యవహారమున తునితగవు నిలువదని మాత్రము సంవాహకునికి వెంటనే తెలిసినది. మాథురుడు ఆతనిని వీథిలో ఈడ్చి, నిన్ను నీవే అమ్ముకొని యిమ్మనెను.

దర్దురకుడను మఱియొక జూదరి అడ్డపడి, మాథురుని కన్నులలో దుమ్ము చల్లగా, సంవాహకుడు పరుగిడి తెఱచియున్న వాకిట దూఱెను. అది వసంతసేన యిల్లు. ఆతడు చారుదత్తుని పాతసేవకుడని విన్నంతనే ఆమె తన చేతి కడియమును తీసి, ఈ అప్పును ఆతడే తీర్చుచున్నాడని చెప్పుమని చెలికత్తెచేత వాకిట నున్న మాథురునికి పంపెను. మాథురుడు కడియము గొని, ఇక మరల వచ్చి ఆడుమని దీవించి పోయెను. సంవాహకుడు మాత్రము, జూదముచే తాను పడిన యవమానము చాలునని, బౌద్ధభిక్షువగుదునని చెప్పెను. తొందరపాటు వలదని ఆమె వారించినను వినలేదు.

ఆనాడు పని ముగిసినపిదప ఆ పిల్ల పోలేదు. సంగతి తెలిసినది. భర్త ఒక కొట్టులో గుమాస్తా. త్రాగడు, పరుషమాడడు. చేతిఫోనులో రమ్మీకి మరగెను. మొదట నూర్లు వచ్చినవట. పిదప వేలు పోయినవట. చేబదుళ్లు, వడ్డీ అప్పులు. ఇపుడు ఆమె పుట్టింటివారు పెట్టిన రెండు బంగారుగాజులు అడుగుచున్నాడు. ఇవి యిచ్చిన అప్పు తీరును, ఇక ముట్టనని ఒట్టు పెట్టుచున్నాడు. "ఇవ్వనా మానెయ్యనా, అండీ?" అని అడిగెను.

"ఇచ్చావంటే అవీ పోతాయి" అనిరి వదినగారు తడవుకొనక.

మాకు వెంటనే నోరు రాలేదు. జూదమును గూర్చి మన పెద్దలు చెప్పినది తక్కువ కాదు. ఋగ్వేదము పదియవ మండలమున అక్షసూక్తమున్నది. అందు జూదరి ఇక ఆడనని తలచును. పాచికల చప్పుడు వినబడగానే సాలకు పోవును. అత్త ఆతనిని ద్వేషించును, ఆలు దూరమగును. వేలయేండ్లనాటి యా యిల్లు తునిలోని పెరటివాటాకంటె వేఱుగ లేదు. జూదమును రాజ్యమునుండి తొలగింపుమని మనువు రాజునకు చెప్పెను. కౌటిల్యుడు ఒక్కచోటనే ఆడునట్లు కట్టడిచేసి, గెలిచినదానిలో నూటికి అయిదు పుచ్చుకొనుమనెను. మనువునకు పాపము కనబడినచోట కౌటిల్యునికి పన్ను కనబడినది. మన కాలమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లో ఇట్టి ఆన్‌లైను పందెములను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసెను. చట్టము సాల తలుపు మూయగలదు. అదివఱకే చేసిన యప్పు ఇంటిలోనే కూర్చుండును.

తీర్పు చెప్పుటకు మేము చాలము గనుక, కథ ముగియువఱకు ఆగుమని మాత్రము చెప్పితిమి.

ఆ నడుమ ఆదివారమునాడు తలుపులమ్మ లోవకు పోయితిమి. లోవ యనగా కొండల నడిమి పల్లము. తునికి కొలది దూరముననే రెండు కొండలు చేరువగా వచ్చి, వాని నడుమ చెట్లనీడ చిక్కనైనచోట అమ్మవారు వెలసినది. భక్తులు అచటనే పొయ్యి వెలిగించి వండి, నైవేద్యము పెట్టి, బంధువులతో భుజింతురు. క్రొత్తబండి కొన్నవారు దానికి పసుపుకుంకుమలు పెట్టి పూజ చేయించుకొని పోవుదురు. మెట్లెక్కుచు వెనుదిరిగి చూచిన, కొండలు వరుసవెనుక వరుసగా వాయవ్యమునకు పోయి నీలిమలో కలియుచుండెను. ఆ దిక్కుననే మన్యము.

ఆ కొండలను చూచినప్పుడు అల్లూరి సీతారామరాజు తలపునకు రాకమానడు. తండ్రిని కోల్పోయిన బాల్యమున ఆయన తల్లి సూర్యనారాయణమ్మగారు బిడ్డలతో కొంతకాలము తునిలో కాపురముండిరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు ఆయన దండునకు లోబడి తుపాకుల నప్పగించినవి. 1924 మే 7న కొయ్యూరుకడ ఆయనను కాల్చిచంపిరి. ఆ త్యాగమును ఒక నాటకములోని కల్పనతో తూచుట తగదు. కాని చరిత్రయందును, నాటకమందును విప్లవమునకు పోయినవాని పేరు మిగులును; వాకిటి వైపు చూచుచు కూర్చున్న తల్లియో, ఆలో గడపిన రాత్రులు ఎవరి లెక్కలోను చేరవు.

శూద్రకుడు వానిని కొంచెమైనను లెక్కలో చేర్చినాడని మాకు తోచును. ఆర్యకుడు రాజగునని సిద్ధుడొకడు చెప్పగా విని, భయపడి, పాలకుడు ఆతనిని చెఱలో వైచెను. ఆతనివైపు చేరినవారెవరు? సంవాహకుని కాపాడిన జూదరి దర్దురకుడు మొదటివాడు. మాథురునితో వైరము వచ్చెను గనుక ఇక ఊరిలో నిలువరాదని, నావంటివారెల్లరు ఆర్యకుని వెంట పోవుచున్నారని చెప్పి, రెండవ యంకముననే దాటిపోవును. పిదప శర్విలకుడు. బ్రాహ్మణుడై పుట్టియు, వసంతసేన దాసియగు మదనికను వలచి, ఆమె విడుదలకై చారుదత్తుని యింటికి కన్నమువేసిన దొంగ. రాజుచే అవమానము పొందిన కొలువుకాండ్రు, రాజబంధువగు శకారుని చేత నలిగినవారు కూడ చేరుదురు. ఓడినవారందఱును కలిసి ఆడిన పెద్దయాట ఆ విప్లవము.

వసంతసేన మదనికను విడిచి శర్విలకునికిచ్చి బండి యెక్కించెను. బండి కదలకముందే ఆర్యకుడు బందీయైనాడని చాటింపు వినబడెను. మిత్రునికై శర్విలకుడు పెండ్లిబండి దిగెను. మదనిక ఏడ్చినది, కాని అడ్డుపడలేదు. తన్ను పెద్దల యింట చేర్చుమని మాత్రము కోరి, ఏమరక యుండుమని చెప్పి పంపెను. ఒక్క గడియ క్రితము స్వతంత్రురాలైన యువతికి ఆ స్వాతంత్ర్యముతోబాటు నిరీక్షణము కూడ కట్నముగా వచ్చినది. తరువాతి యంకములలో ఆమె మఱల మాటాడదు.

ఇక చారుదత్తుని యిల్లాలు ధూత. శర్విలకుడు దొంగిలించినది వసంతసేన దాచుకొన్న నగలపెట్టె. పేదవాడు సొమ్ము కాజేసి దొంగతనమని బొంకినాడని లోక మనునేమో యని చారుదత్తుడు కుమిలెను. ధూతకు పుట్టింటినుండి వచ్చిన రత్నావళి యొక్కటే మిగిలియుండెను. భర్త చేతికిచ్చిన ఆతడు సిగ్గుపడునని, వ్రతదానమను నెపమున విదూషకుడు మైత్రేయుని కిచ్చెను. చారుదత్తుడు దానిని వసంతసేనకు పంపుచు, నీ పెట్టెను జూదమున ఓడితిని, బదులిది గొనుమని చెప్పించెను. పెట్టె అప్పటికే శర్విలకుని ద్వారా వసంతసేనను చేరినది! ఆమె నవ్వుకొని, ఆ సాయంకాలము వానలో వచ్చి, రత్నావళిని నేను జూదమున ఓడితిని, బదులు ఈ పెట్టె గొనుమని పలికించెను. ఒకరి గౌరవమును ఒకరు కాచుటకు ఇరువురును ఆడని జూదమును ఆడితిమనిరి.

ఇచట వసారాలో వివాదము పుట్టినది. "భర్త సిగ్గుపడతాడని ఇన్ని నెపాలా? అడక్కుండానే ఇచ్చింది కదా, మహాతల్లి!" అని పొరుగామె యొకతె మెచ్చుకొనెను. వదినగారు ఒప్పుకొనలేదు. "చారుదత్తుడు జూదమాడలేదు. దొంగ ఎత్తుకుపోతే పరువు కోసం ఇచ్చింది. అది వేరు, ఇది వేరు" అనిరి.

యాజ్ఞవల్క్యస్మృతిలోని మాట మేము చెప్పితిమి. భార్య స్త్రీధనమును భర్త నాలుగు వేళలలో తీసికొన్నచో మఱల ఈయనక్కఱ లేదట: కఱవు, ధర్మకార్యము, వ్యాధి, నిర్బంధము. జూదము ఆ పట్టికలో లేదు. మన కాలపు న్యాయస్థానము మఱింత సూటిగా చెప్పినది: 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున, స్త్రీధనము పూర్తిగా స్త్రీదేయని సుప్రీంకోర్టు తీర్పిచ్చెను.

"అప్పులవాళ్లు వాకిట్లో కూర్చుంటే అది నిర్బంధం కాదాండీ?" అని ఆ పిల్ల మెల్లగా అడిగెను. స్మృతికర్త కూడ ఆ ప్రశ్నకు ఒక క్షణము ఆలోచించియుండును.

ఆఱవ యంకమునుండి కథ బరువెక్కును. చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగుబిడ్డ బంగారుబండి చూచి, మట్టిబండి వలదని యేడ్చుచుండగా, వసంతసేన తన నగలన్నియు ఒలిచి ఆ మట్టిబండిలో నింపెను. నాటకమునకు పేరు పెట్టినది ఆ బొమ్మబండియే. పిదప బండ్లు తారుమారై, చారుదత్తుని బండిలో చెఱ తప్పించుకొన్న ఆర్యకుడును, శకారుని బండిలో వసంతసేనయు ఎక్కిరి. శకారుడు పూదోటలో ఆమె గొంతు నులిమి, చచ్చెనని తలచి, ఎండుటాకులు కప్పి పోయి, ఆ నేరమును చారుదత్తునిపై మోపెను. న్యాయస్థానమున మైత్రేయుని చంకనుండి ఆ మట్టిబండి నగలు జాఱిపడెను. బిడ్డ నవ్వుటకై యిచ్చిన నగలే తండ్రికి కొఱత తెచ్చినవి.

ఆకులక్రింద నున్న వసంతసేనకు ఊపిరి పోయలేదు. తడిపిన కాషాయము ఆరవేయుటకు వచ్చిన భిక్షువొకడు ఆకులలో కదలిన చేతిని చూచి, తడిగుడ్డ పిండి నీరు చల్లి, వీచి, బ్రదికించెను. ఆ భిక్షువే సంవాహకుడు. ఆ చేయి ఒకనాడు కడియము తీసిన చేయి. ఈ యంకము చదువునాడు పెరటివాటా యువకుడు కొట్టునుండి భోజనమునకు వచ్చి, గుమ్మముకడ నిలిచి కడవఱకు వినెను. ఏమియు ననలేదు. తలవంచుకొని లోపలికి పోయెను.

పదియవ యంకమున తలారులు కత్తి యెత్తిన క్షణమున వసంతసేనయు భిక్షువును వత్తురు. ఆర్యకుడు పాలకుని యజ్ఞవాటికలో వధించి రాజయ్యెనని శర్విలకుడు వార్త తెచ్చును. అగ్నిలో దూకబోవు ధూత ఆగును. వసంతసేనకు కులవధువను గౌరవము లభించును. శకారుని చంపుమని జనులు కేకలు వేయగా, శరణన్నవానిని చంపరాదని చారుదత్తుడు విడిపించును. బండివాడు స్థావరకుని దాస్యము తొలగును. భిక్షువు ఏమియు కోరడు. కోరని యాతనినే దేశమున గల విహారములన్నిటికిని అధిపతిని చేయుదురు.

ముక్కలన్నియు నాటికి జాడీలకెక్కినవి. నగల లెక్క చూతమని మేము వ్రేళ్లు మడచి చెప్పితిమి. కడియము జూదరి అప్పునకు పోయి ప్రాణమై తిరిగివచ్చెను. నగలపెట్టె దొంగచేతికి పోయి ఒక దాసికి విడుదలయై, ఆమె భర్తవలన రాజ్యపు మార్పునకు కూడ తోడయ్యెను. రత్నావళి మానము కాచెను; వసంతసేన మరల పంపినను ధూత దానిని గైకొనలేదు. మట్టిబండి నగలు మాత్రము మంచిమనసుతో ఇచ్చినను ఉరిత్రాడైనవి. కావున ఇచ్చుట పుణ్యమనియు, ఈయకుండుట వివేకమనియు ఒక్కమాటలో తేల్చుటకు శూద్రకుడు ఒప్పుకొనడు. ఎవరి చేతికి, ఏ పనికి, ఏ రీతి నిచ్చితిమనునది చూడుమనును.

ఆ పిల్ల చాలసేపు ఊరకుండి, "వసంతసేన కడియం ఆయన చేతికివ్వలేదండీ. వాకిట్లో ఉన్న అప్పులవాడికే పంపించింది. ఆయనే ఇస్తున్నాడని పరువుకూడా నిలబెట్టింది" అనెను. పదినాళ్లు చదివిన మేము ఆ సంగతి అంతగా గమనింపలేదు. వదినగారును కాదనలేకపోయిరి.

మఱునాడు అత్తగారిని వెంటబెట్టుకొని ఆమె కంసాలి యంగడికి పోయెను. ఒక గాజు అమ్మి, ఆ సొమ్ముతో అప్పులవానిని ఇంటికి పిలిపించి, భర్త యెదుట లెక్క చూచి చెల్లించి, నోటు చింపించెను. మిగిలిన చిన్న చేబదుళ్లు తన జీతమునుండి నెలనెల తీర్చెదనని యాతడు ఒప్పుకొనెనట. రెండవ గాజు చేతనే యున్నది. "అది నాకండీ. నాకు ఊపిరి అందనప్పుడు" అని నవ్వెను. ఆమె నవ్వగా మేము చూచుట అదియే మొదలు.

సంవాహకుడు మఱల పాచికల చప్పుడు వినినప్పుడు ఏమి చేసెనని ఆమె మమ్ము అడిగినది. శూద్రకుడు ఆ ఘట్టమును రంగముపైకి తేలేదు. ఎనిమిదవ యంకమున భిక్షువు ఇంద్రియములను కట్టుకొనుమని తనకు తానే చెప్పుకొనుచు ప్రవేశించును. ప్రతిదినము చెప్పుకొనవలసి యుండుటచేతనే కాబోలు. కడియమిచ్చుటతో వసంతసేన పని తీరినది. ఆ తరువాతి యడుగులు సంవాహకునివి.